నల్ల విరేచనం అని చెబితే రాసుకోండి

పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఉగాది పూట ఆసుపత్రి మాటలెందుకు అంటారేమో. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం నుంచి మనవాళ్లు ఇంతమంది ఒకచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది, ఆయన గురించి రెండు మాటలు చెప్పమన్నారు, చెబుతాను, కానీ ముందు మా వదిన సంగతి చెప్పాలి.

చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండె వాల్వు పాడైతే విశాఖలో మెటల్ వాల్వు వేశారు. అప్పటి నుంచి వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఏసిట్రోమ్ మాత్ర. ఒకసారి విరేచనాలు పట్టుకుంటే దగ్గర్లోని మందుల కొట్లో మెట్రోనిడజోల్ ఇచ్చారు. ఏసిట్రోమ్ వేసుకునేవాళ్లకు ఆ మందు పడితే రక్తం గడ్డకట్టే గుణం ఇంకా తగ్గిపోతుంది. ఆయాసంతో ఒక ఆసుపత్రిలో చేర్చాం. బీపీ, నాడి, జ్వరం వేళ తప్పకుండా రాశారు. విరేచనం తారులా నల్లగా పోతోందని మా మేనకోడలు చెబితే, ఐరన్ మాత్రల వల్లే అన్నారు. లోపల రక్తం కారుతోందేమో అనుమానించాల్సిన గుర్తది, ఛార్టులో రాయనే లేదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. పరీక్ష రిపోర్టు వచ్చి మర్నాటి సాయంత్రం దాకా ఫైల్లోనే ఉంది. చూస్తే ఆరు దాటింది! ఈ మందు వాడేవాళ్లకు మామూలుగా 2 నుంచి 3, మిట్రల్ అనే గుండె ఎడమవైపు వాల్వు స్థానంలో మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు 2.5 నుంచి 3.5 ఉండాలి. మందు ఆపి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఇచ్చి, రక్తం ఎక్కిస్తే బతికింది.

నేను నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని, వార్డులో పని ఎంతుంటుందో నాకు తెలుసు, అయినా ఈ కోపం తగ్గలేదు. ఇక్కడ నర్సింగ్ చదివే పిల్లలున్నారా? చేతులెత్తండి. మీకే చెబుతున్నాను తల్లీ. గుండె జబ్బు మనిషికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ పెట్టినా, ఏసిట్రోమ్ లాంటి మాత్రలు వేసినా, డ్యూటీ మారిన ప్రతిసారీ మంచం దగ్గరకెళ్లి అడగండి: చిగుళ్ల నుంచి రక్తమా, మూత్రం ఎర్రగా ఉందా, విరేచనం నల్లగా ఉందా, ఒంటి మీద కమిలిన మచ్చలా, తలనొప్పి విపరీతంగా ఉందా. "బాగున్నారా" అంటే ముసలాయన బాగున్నానంటాడు, అంతే. అడిగింది రాయండి. తెలుగు మనిషిని తెలుగులో, సవర మనిషిని సవరలో అడగండి, రాకపోతే వచ్చినవాళ్లను పిలవండి. పంతులుగారు సవర నేర్చుకున్నది ఇలాంటి మనుషులతో మాట్లాడటానికే కదా!

హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే రక్తం కారడం కన్నా గడ్డలు కట్టే ప్రమాదమే ఎక్కువ, అది వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. హెపారిన్ జాతి ఇంజెక్షనే అయిన ఎనోక్సపారిన్ పొట్ట మీద పొడిచే ముందు కిడ్నీ రిపోర్టు చూశారా అని అడగండి, కిడ్నీ మందగిస్తే డోసు తగ్గించాలి.

ఇంట్లోవాళ్లకొక మాట. ఇదంతా విని భయపడి మాత్ర మానెయ్యకండి, వాల్వు మీద గడ్డ కడితే ప్రాణం మీదకొస్తుంది. తోటకూర, మునగాకుల్లోనూ విటమిన్ కె ఉంటుంది, అయినా మానక్కర్లేదు, వారం వారం ఒకేలా తినండి. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర సొంతంగా కొనకండి, ఏసిట్రోమ్‌తో కలిస్తే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఏ డాక్టరు దగ్గరకెళ్లినా ఏసిట్రోమ్ వాడుతున్నామని ముందే చెప్పండి.

పంతులుగారి గురించి మాట్లాడే టైము నేనే తినేశాను, మన్నించండి. భోజనాల దగ్గర కూర్చుని ఉంటాను. వాల్వు మార్చినవాళ్లు మందు చీటీ, ఆఖరి రిపోర్టు పట్టుకురండి, ఐ.ఎన్.ఆర్. చేయించి ఎన్నాళ్లయిందో చూద్దాం.