అంగారకుడి నుంచి అమ్మతో మాట్లాడాలంటే: సైన్స్ ఫిక్షన్ కథకు ముడిసరుకు

[తెరపై: భూమి, అంగారకుడు, వాటి మధ్య మెల్లగా కదిలే కాంతిగీత]

సైన్స్ ఫిక్షన్ రాయాలని కూర్చున్నవారు చాలామంది ముందుగా ఒక యంత్రాన్ని ఊహిస్తారు. వర్ణన బ్రహ్మాండంగా సాగుతుంది, మూడో పేజీకల్లా కథ ఆగిపోతుంది. యంత్రానికి బెంగ ఉండదు కదా! బెంగపడే మనిషి కావాలి, ఆ మనిషికి ప్రకృతి పెట్టే ఒక అడ్డంకి కావాలి.

అంగారకుడిపై పనిచేస్తున్న ఒక కూతురిని, భూమిపై ఉన్న తల్లిని తీసుకుందాం. రేడియో సంకేతం కాంతి వేగంతో, సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అయినా గ్రహాలు దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 3 నిమిషాలు, బాగా దూరమైనప్పుడు 22 నిమిషాలు పడుతుంది. అదీ ఒకవైపు ప్రయాణానికే. "ఎలా ఉన్నావు తల్లీ?" అని అడిగితే జవాబు రావడానికి ముప్పావు గంట పట్టవచ్చు.

మరి వీళ్లిద్దరూ పోట్లాడుకుంటే?

[తెరపై: ఒకదాని వెనుక ఒకటి వెళ్తున్న రెండు కాంతిచుక్కలు]

కూతురు కోపంలో ఒక మాట అంది. మరుక్షణమే క్షమించమంది. రెండు సంకేతాలదీ ఒకే వేగం, క్షమాపణ ఎన్నటికీ ఆ మాటను దాటి ముందుకు వెళ్లలేదు. తల్లి మనసు ముందు నొచ్చుకోవలసిందే. ఇంత గొప్ప ఘర్షణను భౌతికశాస్త్రం ఉచితంగా ఇస్తుంటే విలన్ ఎందుకు?

ఇంకా ఉంది. సుమారు 26 నెలలకొకసారి భూమికీ అంగారకుడికీ నడుమ సూర్యుడు అడ్డువస్తాడు. సంకేతాలు చెడిపోయే ప్రమాదం ఉండటంతో, అంగారకుడిపై ఉన్న రోవర్లకు దాదాపు రెండు వారాలపాటు ఆదేశాలు పంపడం ఆపేస్తారు. తల్లి సరిగ్గా అప్పుడే జబ్బుపడితే?

ఈ చిక్కు దగ్గరే చాలామంది క్షణంలో కబురందించే పరికరాన్ని కనిపెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, కథ గొంతు నులిమినట్టే. ఆ పరికరమే మీకు ముచ్చటగా ఉంటే, అది వచ్చాక లోకం ఎలా మారిందో వేరే కథగా రాయండి.

శాస్త్ర వివరాలను పాఠంలా చెప్పనక్కర్లేదు. అంగారకుడి గురుత్వం భూమిపై ఉన్నదానిలో 38 శాతం. కూతురు చేతిలోంచి జారిన గ్లాసు నేలను తాకేలోపు ఆమె తాపీగా అందుకుంటే చాలు, పాఠకుడికి అర్థమవుతుంది.

[తెరపై: ఖాళీ కాగితం]

ముందుగా, సూర్యుడు అడ్డురాకముందు కూతురు పంపే ఆఖరి సందేశం రాయండి. తల్లికి ఏం చెప్పింది, ఏం దాచింది? దాచినదానికి కారణం వెతుక్కుంటూ కథ మొదటికి వెళ్లండి.