సిరంజిపై గీత, వయల్‌పై అంకె

తెలుగు జిల్లాల నుంచి బెంగళూరుకు వచ్చి, ఇక్కడి నర్సింగ్ కళాశాలల్లో చదువుతున్న, వార్డుల్లో పనిచేస్తున్న మీ అందరికీ నమస్కారం.

మోతాదు సూత్రం మీకు కంఠతా వచ్చు. డాక్టరు రాసిన మోతాదును చేతిలో ఉన్న మందు బలంతో భాగించి, ఆ బలం ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో దానితో గుణించాలి. పిల్లవాడికి 30 మిల్లీగ్రాముల జెంటామైసిన్ రాశారనుకోండి; ఆంప్యూల్‌పై 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములని ఉంటే, తీయవలసింది 0.75 మిల్లీలీటరు. ఇందులో కష్టమేమీ లేదు. నన్ను కలవరపెట్టేది ఈ భాగహారం కాదు, దానికి ముందు లేబుల్ చదివే ఆ కొద్ది క్షణాలు.

ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్, అంటే చిన్న మందు సీసాలు, మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి వాడతాం. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్రమూత సిరంజితో 10 అంకె ఉన్న గీత దాకా తీస్తే లోపలికి వచ్చేది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. రోగికి షుగర్ ప్రాణాపాయకరంగా పడిపోవచ్చు. అదే 40 యూనిట్ల వయల్ నుంచి నారింజ మూత సిరంజితో తీస్తే నాలుగు యూనిట్లే అందుతాయి. రెండు సందర్భాల్లోనూ గీత పదే చూపిస్తుంది, మనం చార్టులో పదే రాస్తాం. కాబట్టి జరిగిన పొరపాటు కాగితం మీద ఎక్కడా కనిపించదు. ఇంతకంటే భయపెట్టే తప్పు వార్డులో అరుదు.

రాతలోనూ జాగ్రత్త కావాలి. యూనిట్లకు బదులు ఇంగ్లిష్ 'యు' ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి, నాలుగు కాస్తా నలభై అవుతుంది. పూర్తి మాట రాయండి. రెండో నర్సు సరిచూసేటప్పుడు మీ జవాబు ముందే చెప్పకండి. ఆమె విడిగా లెక్కకట్టిన తర్వాతే రెండూ పోల్చండి. కన్నడ ఇంకా సరిగా రాదనో, కొత్తగా చేరామనో సంకోచించి, సందేహం ఉన్న మోతాదును మాత్రం ఎక్కించవద్దు. డ్యూటీ డాక్టరును మళ్లీ అడగడం మీ బాధ్యతలో భాగమే.

చిత్తూరు, అనంతపురం వైపు నుంచి ఇక్కడికి వైద్యానికి వచ్చే కుటుంబాలకు తెలుగులో విడమరచి చెప్పగలిగేది మీరే. ఇంటికి వెళ్లాక ఇన్సులిన్ వేసేది ఇంట్లోవాళ్లే కనుక, వయల్‌పై అంకె, సిరంజిపై అంకె ఒకటేనా అని మెడికల్ షాపులోనే చూసుకోమనండి. మీ ఎదుటే ఒకసారి వాళ్ల చేత మందు తీయించి, సరిగా ఉందని చూశాకే పంపండి.