ఆ చివరి తొంభై డిగ్రీలు

సభాధ్యక్షులకు, శిక్షణ పూర్తి చేసుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే, కానీ నాకిచ్చిన టైము కొంచెం. మన్నించండి. ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమన్నారు. పని వచ్చినవాళ్లకు పని దొరుకుతుంది. ఆ విషయం అయిపోయింది. ఇక హెడ్ బోల్టుల, అంటే ఇంజను పైభాగమైన హెడ్డును కింది బ్లాకుకు బిగించే బోల్టుల సంగతికి వస్తాను.

నేను పనిచేసిన ఒక వర్క్‌షాపుకు హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య లీకు కాకుండా వేసే పొర, పోయిన డీజిల్ బండి వచ్చింది. గ్యాస్కెట్ మార్చి పంపారు. కొన్నాళ్లకే రేడియేటర్‌లో బుడగలతో తిరిగొచ్చింది. మళ్లీ మార్చారు, మళ్లీ వచ్చింది. గ్యాస్కెట్ నాసిరకం అన్నారు. బోల్టును తిప్పే బలాన్ని టార్క్ అంటాం, అది పెట్టుకున్న అంకెకు చేరగానే టక్కుమనేది టార్క్ రెంచ్. కొత్తగా చేరిన కుర్రాడొకడు మాన్యువల్ చూసి, "అన్నా, టార్క్ పెట్టాక 90 డిగ్రీలు తిప్పాలట, ఆ తర్వాత ఇంకో 90 అట. బోల్టులు కూడా కొత్తవే వేయాలట" అన్నాడు. పెద్ద మేస్త్రి చెయ్యి పైకెత్తి, "ఇదేరా నా టార్క్ రెంచ్" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. కుర్రాడు ఆ తర్వాత నోరు విప్పలేదు, కొద్దిరోజులకు పనే మానేశాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.

వాడు చెప్పిందాంట్లో ఏముందో వినండి. రెంచ్ మీద మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం దాకా థ్రెడ్ల, అంటే మరల, రాపిడి తింటుంది. బోల్టును సాగదీసేది మిగిలిన 10 శాతమే. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది, హెడ్డును బ్లాకుకు అదిమి పట్టేది ఆ లాగుడే. థ్రెడ్లకు తుప్పున్నా, ఒకదానికి నూనె రాసి ఇంకోదానికి రాయకపోయినా, రెంచ్ ఒకే అంకె దగ్గర టక్కుమంటుంది గానీ లోపలి పట్టు మాత్రం ఒక్కో బోల్టుకు ఒక్కోలా ఉంటుంది.

అందుకే ముందు తక్కువ టార్క్‌తో అన్నీ కూర్చోబెట్టి, తర్వాత కోణం లెక్కన తిప్పమంటారు. థ్రెడ్ పిచ్, అంటే ఒక పూర్తి చుట్టుకు బోల్టు దిగే దూరం, 1.5 మిల్లీమీటర్లయితే 90 డిగ్రీలకు బోల్టు 0.375 మిల్లీమీటర్లు దిగాల్సిందే. రాపిడి ఎంతున్నా ఆ దూరం మారదు.

నూనె అన్నాను కదా, ఒక మాట. మాన్యువల్ రాయమన్న చోట పల్చగా రాయండి, రంధ్రంలో మాత్రం పోయకండి. అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె గానీ కూలెంట్ గానీ నిలిచి ఉంటే, బోల్టు దిగేటప్పుడు దానికి పోయే దారి ఉండదు. బ్లాకు పగిలిపోవచ్చు! గ్యాస్కెట్ పోయిన దానికి బ్లాకు ఖర్చు ఎవరు కడతారు?

బిగించే వరస సాధారణంగా మధ్య నుంచి బయటికి, విప్పేది బయట నుంచి మధ్యకు. అది మీకు నేర్పే ఉంటారు. ఇంజను చల్లారాకే విప్పాలని కూడా తెలుసు. ఇంతకీ మీలో బోల్టు ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే యాంగిల్ గేజ్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఎందరు? చేతులెత్తండి. ...ఇంతేనా? సరే, గేజ్ లేకపోతే బోల్టు తల మీద పెయింట్ చుక్క పెట్టి తిప్పండి. చూపు అంచనాతో మాత్రం వద్దు.

"అన్నా, హెడ్ టార్క్ ఎంత?" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. ఏ ఇంజనుకు? అంకె ఆ ఇంజను మాన్యువల్‌లో ఉంటుంది, నా నోట్లో కాదు.

అసలు గొడవ పాత బోల్టులతో. కోణం లెక్కన బిగించే బోల్టులు చాలావరకు సాగి, మళ్లీ మొదటి పొడవుకు రానంత దాకా వెళ్తాయి. అలాంటివి ఒకసారికే. కొన్ని ఇంజన్లకు పొడవు కొలిచి, హద్దులో ఉంటే మళ్లీ వాడుకోవచ్చని మాన్యువలే చెబుతుంది. కొలవకుండా "బాగానే ఉంది" అనే హక్కు ఎవరికీ లేదు, పెద్ద మేస్త్రికైనా సరే.

ఈ బల్ల మీద ఒకే ఇంజను బోల్టులు రెండున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి విప్పి తీసింది. పక్కనే పొడవు కొలిచే వెర్నియర్ పెట్టాను. ముందు వరస వాళ్లు లేచి రండి, కొలిచి ఆ అంకె బోర్డు మీద రాయండి. తోసుకోకండి, అందరికీ వస్తుంది.