ఒక పిన్ను, పది పనులు

అన్నయ్య: నమస్కారం అండీ అందరికీ. పోయినసారి మాటిచ్చినట్టే ఈసారి పిన్నుల గురించి. చిప్పుకి ఉన్న కాళ్ళు కొన్నే, చేయాల్సిన పనులు బోలెడు. ఒకే కాలు ఇన్ని పనులకి ఎలా సరిపోతుంది అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. చెల్లీ, 8051తో మొదలుపెడదామా?

చెల్లి: పెడదాం. ల్యాబ్‌లో మనిద్దరి చేతికీ మొదట వచ్చింది అదేగా. ఇంటెల్ 1980లో తెచ్చిన చిప్పు. నాలుగు పోర్టులు, పోర్టుకి ఎనిమిది చొప్పున 32 పిన్నులు. పోర్టు 3లో అయితే ప్రతి పిన్నుకీ ఇంకో పని కూడా ఉంది. రెండు సీరియల్‌కి, అంటే ఒక్కో బిట్టుగా డేటా పంపడానికి, తీసుకోడానికి; రెండు ఇంటరప్ట్‌లకి, అంటే చేస్తున్న పని ఆపించి చిప్పుని పిలవడానికి; రెండు టైమర్లకి, మిగిలిన రెండు బయటి మెమరీకి.

అన్నయ్య: వైవాలో మాత్రం పోర్టు 0 గురించే అడుగుతారు.

చెల్లి: వచ్చేశాడండీ రెసిస్టర్ దగ్గరికి.

అన్నయ్య: రాకుండా ఎలా? పోర్టు 0కి లోపల పుల్ అప్, అంటే పిన్నుని ఐదు వోల్టుల వైపు లాగి పట్టే రెసిస్టర్, లేదు. కిందికి లాగగలదు కానీ పైకి ఎత్తలేదు. నువ్వు కోడ్‌లో ఒకటి, అంటే హై, రాసినా బయట పది కే, అంటే పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ లేకపోతే ఆ పిన్ను గాల్లో వేలాడుతూ ఉంటుంది. చెయ్యి దగ్గరికి పెడితే చాలు, ఒకసారి ఒకటి, ఒకసారి సున్నా చదువుతుంది.

చెల్లి: మిగతా పోర్టులు కూడా పైకి ఇచ్చే కరెంటు మైక్రో ఆంప్‌లలోనే. అందుకే ఎల్ఈడీని ఐదు వోల్టుల వైపు నుంచి తెచ్చి, సున్నా రాస్తే వెలిగేలా కడతాం. సున్నా అంటే ఆన్. కొత్తవాళ్ళు తికమకపడేది అక్కడే.

అన్నయ్య: సున్నా, ఆన్ అంటుంటే నాకు మన చేలో బోరే గుర్తొస్తోంది.

చెల్లి: అన్నయ్యా, వద్దు. ఈ రోజు వేరే విషయం అనుకున్నాం.

అన్నయ్య: చెప్పాలి. చేలో మోటరుకి వైఫై బోర్డు పెట్టుకుంటామని మొన్న కూడా మనకి కొందరు రాశారు. వాళ్ళకి ఈ సంగతి తెలియకపోతే ఎలా?

చెల్లి: సరే చెప్పు.

అన్నయ్య: మన చేలో బోరు మోటరు, దానికి స్టార్టరు డబ్బా. ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్. నాన్న రాత్రిపూట అంత దూరం నడవకూడదని ఒక నోడ్‌ఎంసీయూ బోర్డు, అంటే ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్పు ఉన్నది, ఒక రిలే, అంటే బోర్డు చెప్తే పడే స్విచ్, పెట్టాం. ఆకుపచ్చ బటన్‌కి సమాంతరంగా రిలే కట్టాం. ఫోన్‌లో నొక్కితే రిలే ఒక్క క్షణం పడుతుంది, అంటే కలుస్తుంది, మోటరు తిరుగుతుంది.

చెల్లి: ఆ ఒక్క క్షణమే కొంప ముంచింది. ఆకుపచ్చ బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, లోపల కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ పడి తనంతట తానే పట్టుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కేదాకా, లేదా కరెంటు పోయేదాకా వదలదు.

అన్నయ్య: వేసవి. బోరులో నీళ్ళు అడుగంటాయి, రెండు రోజులు మోటరు వేయొద్దు అనుకున్నాం. రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. పొద్దున నాన్న వెళ్ళేసరికి మోటరు నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి కాలిపోయి ఉంది.

చెల్లి: నాన్న ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. తిట్టినా బాగుండేది.

అన్నయ్య: ఊ.

చెల్లి: తర్వాత ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాం. మోటరు లేదు, స్టార్టరు లేదు, బోర్డు, రిలే అంతే. లైటు తీసేసి చార్జరు స్విచ్ వేశాను. రిలే మీద చిన్న ఎర్ర లైటు మినుక్కుమంది, టిక్కుమని చప్పుడు. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ టిక్కు. వేసిన ప్రతిసారీ. మన కోడ్‌లో రిలే వేయమన్న లైను దాకా పోనే లేదు.

అన్నయ్య: ఆ రోజు ఆ పిన్ను నుంచి గ్రౌండుకి, అంటే సున్నా వోల్టుల వైపుకి, ఒక పది కే రెసిస్టర్ కట్టి ఉంటే...

చెల్లి: ఆగేది కాదు. ఎన్నిసార్లు చెప్పాను? మనం రిలేని డీ0కి కట్టాం. డీ0 అనేది బోర్డు మీద పేరు, చిప్పు లెక్కలో అదే పిన్ను జీపీఐఓ 16. బోర్డు లేస్తున్నప్పుడు ఆ పిన్ను హైలో ఉంటుంది. మన రిలే హై ఇస్తే పడే రకం.

అన్నయ్య: అలా గ్రౌండుకి కట్టే పుల్ డౌన్ ఉంటే కిందికి లాగేది కదా?

చెల్లి: లెక్క వేసుకో. 3.3 వోల్టులు, పది కే. 0.33 మిల్లీ ఆంప్. ఈ చిప్పు పిన్ను 12 మిల్లీ ఆంప్‌ల దాకా ఇవ్వగలదు. నీ రెసిస్టర్ దానికి ఒక లెక్కా? వేలాడే పిన్ను వేరు, చిప్పే పైకి తోస్తున్న పిన్ను వేరు. వేలాడేదాన్ని రెసిస్టర్ పట్టుకుంటుంది. తోసేదాన్ని పట్టుకోలేదు. అక్కడ పిన్ను మార్చాల్సిందే.

అన్నయ్య: మార్చాం కదా. డీ1కి.

చెల్లి: డీ1, డీ2 బోర్డు లేచేటప్పుడు గొడవ చేయనివి. జీపీఐఓ 5, 4. మిగతావాటితో జాగ్రత్త. డీ3, డీ4, డీ8 ఎలా ఉన్నాయో చూసే చిప్పు తను ఏ తీరులో లేవాలో తేల్చుకుంటుంది. డీ3ని కిందికి లాగి ఉంచితే ప్రోగ్రాం ఎక్కించుకునే మోడ్‌లోకి పోతుంది, నీ కోడ్ నడవదు. టీఎక్స్, అంటే సీరియల్‌లో డేటా పంపే పిన్ను అయితే లేస్తూనే తన మెసేజ్‌లు బయటికి పంపుతుంది. దానికి రిలే కట్టావంటే టకటకలాడుతుంది.

అన్నయ్య: ఒప్పుకున్నాను. కానీ డీ1కి మార్చాక కూడా పది కే పెట్టాం. పెట్టమంది నేనే.

చెల్లి: పెట్టాం, అది మంచిదే. కోడ్ మొదలయ్యేదాకా ఆ పిన్ను ఇన్‌పుట్‌గా ఉంటుంది, ఎవరూ పట్టుకోరు. అప్పుడు నీ రెసిస్టరే దిక్కు. లోపలి పుల్ అప్‌ని నమ్ముకుందామంటే, దాన్ని ఆన్ చేయాల్సింది కూడా మన కోడే.

అన్నయ్య: ఇదే నేను నెత్తీనోరూ బాదుకుని చెప్పేది. పావలా వస్తువు!

చెల్లి: ఇంకోటి. సున్నాకి పడే రిలే అయితే ముందు హై రాసి, ఆ తర్వాతే పిన్నుని అవుట్‌పుట్ చేయండి. వరస తిరగబడితే అవుట్‌పుట్ కాగానే సున్నా వచ్చి రిలే ఒకసారి పడుతుంది. ఆర్డునో ఊనో బోర్డు మీద నేను చేసి చూశాను.

అన్నయ్య: అసలు విషయం ఉండిపోయింది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు గురించి రెండు ముక్కలు చెప్పు.

చెల్లి: మొదటి పైలో ఉన్న బీసీఎం 2835 చిప్పులో ఇలాంటి జీపీఐఓ పిన్నులు 54. ఏ పిన్ను ఏ పని చేయాలో రాసుకునే చోటు రిజిస్టర్, అందులో ఒక్కో పిన్నుకి మూడు బిట్లు. మూడు బిట్లంటే ఎనిమిది ఎంపికలు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ పోగా ఆరు వేరే పనులు. 14, 15 పిన్నులు కావాలంటే మామూలు పిన్నులు, కావాలంటే సీరియల్. హెడర్, అంటే బోర్డు మీద బయటికి కనపడే పిన్నుల వరస, దాని మీద లెక్కపెట్టే నంబరు, చిప్పు నంబరు ఒకటి కావు. జీపీఐఓ 14 హెడర్ మీద ఎనిమిదో పిన్ను. ఐదు వోల్టులు మాత్రం ఆ పిన్నులకి ఇవ్వొద్దు, అవి 3.3 వోల్టులవి.

అన్నయ్య: ఐదు వోల్టుల సెన్సార్ ఉంటే రెండు రెసిస్టర్లతో...

చెల్లి: మళ్ళీ రెసిస్టరే! అది నిజమేలే, రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే వోల్టేజ్ డివైడర్ పెట్టుకోండి. ఈఎస్‌పీ 32 అనే చిప్పు సంగతి కూడా చెప్పాలి, అందులో జీపీఐఓ 34 నుంచి 39 దాకా ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, లోపల పుల్ అప్ కూడా...

అన్నయ్య: ఆగు, నాన్న ఫోను. చెప్పు నాన్నా... ఇప్పుడే వచ్చిందా కరెంటు?... రిలే పడలేదు కదా?... సరే, ఫోన్‌లోంచి నేను వేయనా?... సరే సరే, జాగ్రత్త.

చెల్లి: ఏమంటున్నాడు?

అన్నయ్య: మోటరు ఆగే ఉందంట. తనే వెళ్ళి నొక్కుతాడంట.

చెల్లి: టార్చి తీసుకెళ్ళాడా? మళ్ళీ చెయ్యి, అడుగు.