టైరు, ట్యూబు, నడుముకు కట్టే బెల్టు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్‌లో ఒకటే అడిగారు. "బరువులెత్తేటప్పుడు బెల్టు పెట్టుకోవాలా, వద్దా? అది తేల్చి చెప్పండి చాలు" అని. తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. కానీ మీ సంచుల్లో బెల్టు ఒక్కటే ఉండదు కదా. మోకాళ్లకు తొడిగే స్లీవ్స్, మోకాళ్లకు చుట్టే ర్యాప్స్, మణికట్టుకు చుట్టేవి, చేతిని బరువులు తగిలించే బార్‌కు కట్టేసే స్ట్రాప్స్, మడమ ఎత్తుగా ఉండే బూట్లు... వీటన్నిటినీ ఒకే గాటన కట్టి సపోర్ట్ గేర్ అంటున్నాం. తికమక అక్కడే మొదలవుతోంది. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది నా పనికి తోడొస్తోందా, నా పని తనే చేసేస్తోందా?

బెల్టు నడుమును పట్టుకుని నిలబెడుతుందని చాలామంది నమ్మకం. వెనకాల వెడల్పుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. అసలు పని జరిగేది ముందువైపు, పొట్టలో.

సైకిల్ టైరు చూడండి. మనిషి బరువు మోసేది లోపలి గాలి. గాలి దిగిపోతే ఎంత మంచి టైరైనా రిమ్ము నేలకు తగులుతుంది. అలాగని ట్యూబు ఒక్కదానికే గాలి కొడితే ఉబ్బిపోతుంది తప్ప గట్టిపడదు. పైన టైరు ఆపుతుంది కాబట్టే గాలికి ఆ బలం. బరువెత్తే ముందు మనం పొట్టలోకి గాలి పీల్చి, గొంతు దగ్గర బిగబట్టి, పొట్ట కండరాలు బిగిస్తాం. లోపల ఒత్తిడి పెరుగుతుంది, వెన్నెముకకు ముందు నుంచి ఆసరా దొరుకుతుంది. పొట్ట కండరాలు నెట్టడానికి బయట ఒక గోడ ఉంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బెల్టు ఆ గోడ. గాలి పట్టడం రానివాడికి అది ఉత్త తోలుపట్టీ.

ఇప్పుడే చూద్దాం. కూర్చున్నచోటే రెండు చేతులూ నడుముకు అటూ ఇటూ పెట్టండి, బొటనవేళ్లు వెనక్కి. ముక్కుతో గాలి పీల్చండి. వేళ్లు పక్కలకు జరుగుతున్నాయా? ముందు వరుసలో చాలామందికి భుజాలు పైకి లేచాయి, నవ్వకండి, నాకూ మొదట్లో అంతే. భుజాలు లేచాయంటే గాలి ఛాతీలోనే ఆగిపోయిందని. పొట్ట ముందుకు, పక్కలకు, వీపు కింది భాగం వెనక్కి, అన్నివైపులా ఉబ్బాలి. అది వచ్చాక బెల్టు కట్టండి. పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య, దేనికీ గుచ్చుకోకుండా. గాలి వదిలినప్పుడు బెల్టుకూ పొట్టకూ మధ్య ఒక వేలు దూరాలి. ఊపిరాడనంత బిగిస్తే పొట్ట నెట్టడానికి చోటే ఉండదు.

బెల్టు పెడితే పొట్ట కండరాలు బద్ధకిస్తాయని కొందరు పట్టుబడతారు. నేనొప్పుకోను. సరిగ్గా వాడితే ఆ కండరాలు బెల్టును నెడుతూనే ఉంటాయి, పని మానవు. నా అభ్యంతరం వేరే. ఖాళీ బార్‌తో వార్మప్ చేసేటప్పుడు కూడా బెల్టు విప్పనివాళ్లను చూస్తుంటాను. సెట్‌కీ సెట్‌కీ మధ్య నీళ్లు తాగడానికి వెళ్లినా నడుముకు అదే ఉంటుంది. వాళ్లకది అలవాటైపోయింది. ఒకరోజు మర్చిపోయి వస్తే ఇక టెన్షన్, ఆ రోజు స్క్వాటే (భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం) లేదు. నా లెక్క ఇది: మీరు ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సుమారు 80 శాతం దాటే సెట్లకు బెల్టు, అంతకు లోపల వద్దు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కొన్ని నెలలు దాని ఊసే ఎత్తకండి.

ఇంకో మాట. బెల్టు దెబ్బల నుంచి కాపాడే కవచం కాదు. పొద్దస్తమానం సామాన్లు మోసే ఉద్యోగులకు బెల్టులిస్తే నడుము నొప్పి తగ్గుతుందని ఒకప్పుడు చాలా కంపెనీలు నమ్మాయి. అమెరికాలో పనిచోట భద్రత గురించి పరిశోధించే నియోష్ సంస్థ, దెబ్బ తగలని ఉద్యోగులకు ముందుజాగ్రత్తగా వీటిని సిఫార్సు చేయలేమని 1994లోనే చెప్పింది. తర్వాత తొమ్మిది వేల మందికి పైగా దుకాణ ఉద్యోగులను గమనించి 2000లో వెలువడిన అధ్యయనంలోనూ బెల్టు కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ నడుము నొప్పిలో తేడా కనిపించలేదు. రోజంతా కట్టుకు తిరగడం వేరు, ఊపిరి బిగబట్టి పది సెకన్లు ఎత్తడం వేరు.

ఊపిరి బిగబట్టడం కూడా చిన్న విషయమేం కాదు. 1985లో పరిశోధకులు కొందరు బాడీబిల్డర్ల ధమనిలోకి సన్నని గొట్టం పెట్టి, కాళ్లతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ చేస్తుండగా బీపీ కొలిచారు. సగటున 320/250 దాకా వెళ్లింది. కొన్ని క్షణాలే, కానీ వెళ్లింది. 2016లో బ్రిటన్ బలశాలి ఎడ్డీ హాల్ 500 కిలోలు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) చేశాడు కదా, ఒంటికి బిగుతు సూటు, నడుముకు బెల్టు, చేతులకు స్ట్రాప్స్, అన్నీ ఉన్నాయి. బార్ దించాక ముక్కులోంచి రక్తం కారి, కుప్పకూలాడు. ఏ గేరూ ఆ ఒత్తిడిని తీసేయదు, బెల్టు ఇంకాస్త పెంచుతుంది కూడా. బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడండి. మొహమాటపడకండి.

ఇక స్ట్రాప్స్. దీనిగురించి నేను చెప్పాలి, ఎందుకంటే దెబ్బతిన్నది నేనే.

రెండేళ్ల పాటు డెడ్‌లిఫ్ట్ అంతా స్ట్రాప్స్‌తోనే చేశాను. 200 కిలోలు లేచేది. స్క్వాట్, బెంచ్ ప్రెస్ (పడుకుని బార్‌ను పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ మూడూ కలిపి లెక్కగట్టే పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో స్ట్రాప్స్ ఒప్పుకోరని తెలుసు. ఆఖరి నెలలో మానేద్దాంలే అనుకున్నాను. ఆఖరి నెల వచ్చింది. వట్టి చేతులతో చేయాలంటే బరువు తగ్గించాలి, నలుగురి ముందు తగ్గించడానికి మనసొప్పలేదు. పోటీలో 180తో మొదలుపెట్టాను. బార్ మోకాళ్లు దాటింది. అప్పుడు కుడిచేతి చిటికెన వేలు విడిపోయింది, ఆ వెంటనే ఉంగరం వేలు. బార్ మెల్లగా తిరుగుతూ అరచేతి చర్మాన్ని లాక్కుపోతోంది. కాళ్లూ నడుమూ మాత్రం ఇంకా లేపుతూనే ఉన్నాయి, వాటికి కబురందలేదు. ధడేల్‌మని శబ్దం. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మూడు ప్రయత్నాలూ పోతే మొత్తం స్కోరు సున్నా. దాన్ని బాంబ్ అవుట్ అంటారు. అప్పటికే చేసిన స్క్వాట్, బెంచ్ ప్రెస్ అన్నీ అందులోనే కొట్టుకుపోయాయి.

నా వీపు బలాన్ని నా వేళ్లు మోయలేకపోయాయి, అంతే. రెండేళ్లు వేళ్ల పని స్ట్రాప్స్ చేశాయి మరి. ఇప్పుడు వార్మప్, మొదటి బరువైన సెట్లు చేతులు జారకుండా చాక్ పొడి రాసుకుని వట్టి చేతులతో చేస్తాను. వేళ్లు అలసిపోయి, వీపులో ఇంకా సత్తువ ఉంటే అప్పుడు స్ట్రాప్స్. అది న్యాయమైన వాడకం. పట్టు జారేవాళ్లు బొటనవేలిని మిగతా వేళ్ల కింద పెట్టే హుక్ గ్రిప్ ప్రయత్నించండి, మొదట్లో నొప్పెడుతుంది. ఒక అరచేయి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టే మిక్స్‌డ్ గ్రిప్ అయితే, ముందుకు తిరిగిన చేతి మోచేయి అస్సలు వంచకండి, బైసెప్ తెగే ప్రమాదం ఆ చేతికే. బార్‌ను నేల మీంచి ఒక్క ఊపున భుజాల మీదికి తెచ్చే క్లీన్ చేసేటప్పుడు మాత్రం స్ట్రాప్స్ జోలికి పోవద్దు. బార్ భుజాల మీదికి వచ్చేటప్పుడు మోచేతులు గిర్రున తిరగాలి. లిఫ్ట్ చెడిపోతే చేతులు విడిపించుకునే దారి ఉండదు, మణికట్టు విరుగుతుంది. గ్లవ్స్ సంగతీ అడుగుతారు. అవి బార్‌ను లావు చేస్తాయి, పట్టు ఇంకా కష్టమవుతుంది.

మోకాళ్లకు తొడిగే స్లీవ్, చుట్టే ర్యాప్ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, పనిలో పోలికే లేదు. స్లీవ్ వెచ్చగా ఉంచుతుంది, కాస్త ధైర్యం ఇస్తుంది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధన ప్రకారం 7 మిల్లీమీటర్ల మందం మించకూడదు. ర్యాప్ రెండు మీటర్ల దాకా ఉంటుంది, సాగదీసి చుడతారు. కిందికి కూర్చుంటుంటే అది ఇంకా సాగుతుంది, లేచేటప్పుడు స్ప్రింగులా పైకి తోస్తుంది. అంటే కొన్ని కిలోలు అది ఎత్తిపెడుతోంది. ఇదే సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్తే, బెంచ్ ప్రెస్‌కు తొడుక్కునే బిగుతైన బెంచ్ షర్ట్. అది లేకుండా అమెరికా లిఫ్టర్ జూలియస్ మాడక్స్ 2021లో బెంచ్ ప్రెస్‌లో 355 కిలోలు ఎత్తాడు. అది తొడుక్కుని ఎత్తేవాళ్లు 600 దాటేశారు. తప్పని అనను, అదొక వేరే ఆట.

బూట్ల గురించి ఒక్కమాట: పరుగెత్తే మెత్తటి బూట్లతో స్క్వాట్ చేయకండి, పరుపు మీద నిలబడి బరువెత్తినట్టే.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న, "మోకాలు నొప్పిగా ఉంది, ఏ స్లీవ్ కొనమంటారు?" నేను ఏదీ చెప్పను. స్లీవ్ విప్పి, సగం బరువుతో పక్కనుంచి వీడియో తీయమంటాను. కొందరికి మడమలు లేస్తుంటాయి, కొందరికి మోకాళ్లు లోపలికి పడుతుంటాయి, కొందరు రెండు నెలల బరువు రెండు వారాల్లో పెంచేసి ఉంటారు. బరువు తగ్గించినా నొప్పి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పంపిస్తాను.

వెనకాల హాల్లో రెండు బార్లు పెట్టించాను. ఇష్టమున్నవాళ్లు రండి, ఒక్కొక్కరి ఊపిరి చూస్తాను. బెల్టులు ఈ బల్ల మీద వదిలేసి రండి, వాటి అవసరం వచ్చేసరికి ఇంకా టైముంది.