పెరటి మంటకు చట్టం పెట్టిన హద్దులు

సభకు నమస్కారం.

నెల్లూరు శివారు కాలనీలలో గోడకు ఇవతల ఇళ్లు, అవతల వరిమళ్లు ఉండడం మనకు అలవాటైన సంగతే కనుక, పెరటిలోని ఎండుటాకుల పొగ, పొలంలోని కొయ్యకాళ్ల పొగ మన ఇళ్లలోకి కలిసే వస్తాయి. చట్టం మాత్రం ఆ రెంటినీ వేరువేరుగా చూస్తుంది. “నా దొడ్లో నా కసువు కాల్చుకుంటే ఎవరికేమిటి?” అని తరచు వినబడే ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను తమ ఆవరణ వెలుపల వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలువల్లో పారవేయడాన్ని, కాల్చడాన్ని, పూడ్చడాన్ని నిషేధించాయి. ఆవరణ లోపలైతే కాల్చవచ్చునన్న వాదన దీనినుంచే పుట్టింది గాని, అది నిలిచేది కాదు. తోట చెత్తను విడిగా ఉంచి స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో వదిలించుకోవాలని ఆ నియమాలే చెప్పాయి. పైగా అదే ఏడాది డిసెంబరు 22న, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్తను ఆరుబయట కాల్చడాన్ని దేశమంతటా పూర్తిగా నిషేధించి, మామూలు మంటకు రూ.5,000, భారీగా కాలిస్తే రూ.25,000 పరిహారం విధించాలని ఆదేశించింది. ఆ ఆదేశం పురపాలక సంస్థలను కూడా బాధ్యుల జాబితాలో చేర్చింది. వీధి ఊడ్చిన ఆకులను కాలువ గట్టున పోగేసి అంటించేవారికి ఈ సంగతి మనకన్నా ముందు తెలియాలి.

భోగి మంట మాటా అడుగుతారు. పిడకలు, ఎండుకట్టెలతో వేసే మంట వేరు, దానిలో పాత టైర్లు, పీవీసీ పైపు ముక్కలు పడవేయడం వేరు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషపదార్థాలు వెలువడతాయి. చలికాలపు తెల్లవారుజామున గాలి కదలక ఆ పొగ పైకి పోకుండా వాకిళ్లలోనే నిలిచిపోతుంది.

ఇక పొలాల సంగతి. ఢిల్లీ పరిసర రాష్ట్రాల రైతులకు ఎకరాల లెక్కన విధించే జరిమానాల పట్టిక మన జిల్లాకు వర్తించదు. అంతమాత్రాన నిప్పు పెట్టినవారికి బాధ్యత తప్పదు. మంట గట్టు దాటి పక్కవారి గడ్డివామికో, పశువుల పాకకో ప్రమాదం తెచ్చే తీరులో నిర్లక్ష్యం చూపితే, భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉదయగిరి, రాపూరు వైపు వెలికొండల అంచున పొలాలున్నవారికి 1967 నాటి అటవీ చట్టం కూడా ఉంది. రిజర్వు అడవికి నిప్పు అంటుకుంటే ఆ కేసు వేరు.

నష్టం సొంత మడిలోనూ ఉంది. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. కోత యంత్రం వదిలిన గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు వాడుకోవడం, మిగిలిన కొయ్యలను తడి మీద రొటవేటర్‌తో దున్నించడం ఖర్చుతో కూడినవే. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం భరించనిదే కేవలం జరిమానా భయంతో ఈ అలవాటు మారదన్నది నా అభిప్రాయం.

మంట అదుపు తప్పితే మాత్రం కొమ్మలతో కొట్టి ఆర్పుదామని చూస్తూ ఆలస్యం చేయక, వెంటనే 101కు ఫోన్ చేసి, ఊరి పేరుతో పాటు అగ్నిమాపక వాహనం ఏ డొంక వరకు రాగలదో కూడా చెప్పండి.