అది కుక్కర్ వెయిట్ కాదు

అందరికీ నమస్కారం. ఈ కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన మాస్టార్ల ఎదుట మైకు పట్టుకోవాలంటే కాస్త టెన్షన్‌గానే ఉంది. తప్పులు దొర్లితే పేపరు దిద్దినట్టు దిద్దేయండి సార్.

పొద్దున క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, నా కారు బూస్ట్ 15 పీఎస్ఐ. బ్లో-ఆఫ్ వాల్వ్‌లో ఎన్ని పీఎస్ఐ స్ప్రింగ్ వేయాలి?" అని అడిగాడు. బూస్ట్ అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరిగే టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ప్రెషర్, పీఎస్ఐ దాని కొలత. తిట్టడం కాదు గానీ, ప్రశ్నలోనే పొరపాటుంది. నేను కూడా ఒకప్పుడు అచ్చం ఇదే అడిగాను.

కుక్కర్‌లో ఆవిరి ఎక్కువైతే వెయిట్ లేస్తుంది, బుస్సుమంటుంది. బ్లో-ఆఫ్ వాల్వ్ కూడా బుస్సుమంటుంది కాబట్టి దాని పని కూడా అదేనని అనుకుంటాం. కాదు. బూస్ట్ హద్దు దాటకుండా చూసేది వేస్ట్‌గేట్. అది ఎగ్జాస్ట్ వైపు కూర్చుని, టర్బోని తిప్పే టర్బైన్ చక్రానికి వెళ్లే పొగను పక్కదారి పట్టిస్తుంది. బ్లో-ఆఫ్ వాల్వ్‌కి పని పడేది మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడే.

ఊళ్లో మోటారు నడుస్తుండగా గేటు వాల్వు ఒక్కసారిగా మూసేస్తే పైపు ఎలా దడదడలాడుతుందో చూసే ఉంటారు. ఇక్కడా దాదాపు అదే. కాలు తీయగానే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలోని థ్రాటిల్ రేకు మూసుకుంటుంది. టర్బో మాత్రం అప్పటికే నిమిషానికి లక్షకు పైగా తిరుగుతోంది, అది వెంటనే ఆగదు. మధ్యలో ఇరుక్కున్న గాలి వెనక్కి తిరిగి, టర్బోలో గాలిని నెట్టే కంప్రెసర్ రెక్కల మీదుగానే బయటపడుతుంది. "సుతుతుతు" అని వినిపించేది అదే, దాన్ని సర్జ్ అంటారు. ఒకసారి వినిపిస్తే టర్బో పోయినట్టేనని భయపెట్టేవాళ్ల మాట నేను నమ్మను. కానీ ప్రతి గేరు మార్పుకీ అలా జరిగితే బేరింగ్ మీద దెబ్బ పడుతుంది, టర్బో వేగం పడిపోయి తరువాతి గేరులో బూస్ట్ ఆలస్యంగా వస్తుంది.

ఇప్పుడు వాల్వ్ లోపలికి వెళ్దాం. కింది ముఖానికి టర్బో నుంచి వచ్చే పైపు గాలి తగులుతుంది. పైన స్ప్రింగ్, దానితో పాటు థ్రాటిల్ దాటాక సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్నటి గొట్టం. ఆ సన్న గొట్టంలోనే కథంతా ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో కింద 15 పీఎస్ఐ ఉంటే పైన కూడా ఇంచుమించు 15 ఉంటుంది. రెండూ చెల్లు. మెత్తటి స్ప్రింగ్ అయినా వాల్వ్‌ని మూసి ఉంచగలదు. కాలు తీస్తే కింద ఇంకా 15 ఉంటుంది, పైన మాత్రం మానిఫోల్డ్ వాక్యూమ్ 10 పీఎస్ఐ దాకా లాగుతుంది. తేడా 25. గట్టి స్ప్రింగైనా లొంగుతుంది. ఇక ఐడిల్‌లో, అంటే కాలు వేయకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు చూడండి. కింద దాదాపు బయటి గాలే, పైన అదే 10 పీఎస్ఐ లాగుడు. అంటే ఆ లాగుడుకి వాల్వ్ తెరుచుకోకుండా పట్టాల్సిన స్ప్రింగ్‌కి అసలు పరీక్ష ఐడిల్‌లోనే. తమ్ముడూ, నీ బూస్ట్ ఎంతన్నది కాదు, నీ ఐడిల్ వాక్యూమ్ ఎంతో చెప్పు. ఈ వాల్వులు తయారుచేసే టయాల్ కంపెనీ వాళ్ల స్ప్రింగుల పట్టిక కూడా వాక్యూమ్ లెక్కనే ఉంటుంది.

ఏ రకం కొనాలన్నది ఇంకో సంగతి. గాలిని బయటికి వదిలేది ఒకటి, తిరిగి టర్బో ముందరి పైపులోకి పంపేది ఇంకొకటి. నేను ఎంఎస్ చేసే రోజుల్లో హ్యూస్టన్‌లో 2004 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు లీటర్ల ఇంజిన్, 227 హార్స్‌పవర్. కంపెనీ వాల్వ్ గాలిని లోపలికే తిప్పి పంపేది, చప్పుడు తక్కువ. నాకు చప్పుడు కావాలి. బయటికి వదిలే వాల్వ్ బిగించాను. రెండు రోజులు రాజాలా తిరిగాను. మూడో రోజు నుంచి ప్రతి రెడ్ లైట్ దగ్గరా ఇంజిన్ ఆగిపోవడం, వెనక కార్ల హారన్లు!

కారణం మాఫ్ సెన్సర్. ఆ కారులో ఎయిర్ ఫిల్టర్ దాటగానే లోపలికి వచ్చే గాలిని ఆ సెన్సర్ లెక్కగడుతుంది. ఆ లెక్క ప్రకారమే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు పోస్తుంది. లెక్కలోకి వచ్చిన గాలిని నేను వీధిలోకి వదిలేశాను. పెట్రోలు మాత్రం దిగింది. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై, అంటే రిచ్ అయ్యి, నల్లపొగ వచ్చి, ఇంజిన్ ఊపిరాడక ఆగిపోయింది. మానిఫోల్డ్ ప్రెషర్‌ని బట్టి లెక్క వేసే మాప్ సెన్సర్ కార్లలో ఈ గొడవ ఉండదు. కాబట్టి కొనేముందు బానెట్ ఎత్తి ఫిల్టర్ పెట్టె తరువాతి పైపు చూడండి, మాన్యువల్‌తో సరిచూసుకోండి. మాఫ్ ఉంటే, ఎంత ముచ్చటపడినా సరే, గాలిని లోపలికి తిప్పేదే కొనండి.

అడ్జస్ట్‌మెంట్‌కి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, గాలి బయటికి వదిలే వాల్వ్ నోటి దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకోండి. కాగితం లోపలికి లాక్కుంటే వాల్వ్ తెరుచుకునే ఉందన్నమాట. అంటే ఫిల్టర్ చూడని గాలి, మన రోడ్ల దుమ్ముతో సహా, నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. కాగితం వదిలేసేంత వరకు వాల్వ్ మీద స్ప్రింగ్‌ని బిగించే స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పి బిగించండి. అక్కడ ఆపేయండి. తరువాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో కొంచెమే బూస్ట్ ఎక్కించి కాలు తీయండి. సుతుతు వినిపిస్తే స్ప్రింగ్ ఇంకా గట్టిగా ఉంది, పావు చుట్టు వదలండి. గాలిని లోపలికి తిప్పే వాల్వ్ అయితే ఐడిల్‌లో తెరుచుకున్నా నష్టం లేదు, కాస్త మెత్తగానే ఉంచుకోవచ్చు.

ఎత్తు విషయం నాకు డెన్వర్‌లో తెలిసింది. ఉద్యోగం వచ్చి అక్కడికి వెళ్లాక, హ్యూస్టన్‌లో చక్కగా పనిచేసిన సెట్టింగే సుతుతు అనడం మొదలెట్టింది. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంటుంది. వాక్యూమ్‌ని అంగుళాల మెర్క్యురీలో కూడా కొలుస్తారు, 20 అంగుళాలంటే దాదాపు 10 పీఎస్ఐ. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంచుమించు ఒక అంగుళం మెర్క్యురీ వాక్యూమ్ తగ్గుతుంది. సముద్రం ఒడ్డున 20 అంగుళాలు చూపే ఇంజిన్ అక్కడ 15 దగ్గర ఉంటుంది. లాగే బలం తగ్గితే స్ప్రింగ్ కూడా మెత్తబడాలి మరి. విశాఖకీ హైదరాబాద్‌కీ తేడా రెండు అంగుళాల లోపే, దాని గురించి బెంగపడకండి.

ఇంకో మాట. చాలాసార్లు తప్పు స్ప్రింగ్‌ది కాదు, సన్న గొట్టానిది. దాన్ని పొట్టిగా, మధ్యలో టీ జాయింట్ వేసి వేరే దేనికీ పాయ తీయకుండా, నేరుగా మానిఫోల్డ్ నుంచే తీసుకోండి. బూస్ట్ గేజ్‌కి కూడా అందులోంచే లాగితే వాల్వ్ బద్ధకిస్తుంది. చివర్లకి క్లిప్పులు వేయండి.

డీజిల్ కారున్న పిల్లలు ఇందాకటి నుంచీ చేతులెత్తుతున్నారు. మీకు ఈ వాల్వ్ అవసరం లేదు. డీజిల్‌లో కాలు తీస్తే తగ్గేది ఇంధనం. గాలిదారి మూసుకోదు కాబట్టి గాలి ఇరుక్కునే సమస్యే రాదు. కొన్నింటిలో ఒక ఫ్లాప్ ఉంటుంది, దాని పని వేరు. డీజిల్‌కి బ్లో-ఆఫ్ కిట్ అని అమ్మేది చప్పుడు కోసం తప్ప మరి దేనికీ కాదు.

కొత్త పెట్రోల్ టర్బోల్లో చాలావాటికి టర్బో మీదే ఎలక్ట్రిక్ వాల్వ్ ఉంటుంది, ఈసీయూ చెప్పినప్పుడు తెరుచుకుంటుంది. వాటిలో మీరు తిప్పడానికి స్క్రూ ఉండదు.

నా కారు బయట చెట్టు కింద పెట్టాను. స్ప్రింగ్ కావాలనే గట్టిగా బిగించి తెచ్చాను. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపుకుని రండి, ఇందాక ప్రశ్న అడిగిన తమ్ముడి చేతే సరిచేయిద్దాం.